సన్నాయి మీద సన్నటి మబ్బు

నేను ఒక సెలైన్ స్టాండుని. నిటారుగా నిలబడటం, నెత్తికి తగిలించిన సీసాను మోయడం, తోసిన వైపుకి దొర్లుకుంటూ పోవడం, చాలాకాలం ఇదే నా ఉద్యోగం. అన్నేళ్ళలో నా మొహం వంక తేరిపార చూసినవాళ్ళు లేరు. అందరి కళ్ళూ నాకు వేలాడే సీసా మీదే. చుక్క పడుతోందా, ఆగిందా, సగమైందా, ఇంకా ఎంతుంది? గుడికి వెళ్ళినప్పుడు కూడా మనుషులు దేవుడి వంక అంత ఏకాగ్రతతో చూడరని నా అనుమానం.

నేను పుట్టింది అద్దంకి బస్టాండు పక్కన ఒక వెల్డింగ్ షాపులో. మా మేస్త్రి గేట్లూ, కిటికీ చువ్వలూ, ట్రాక్టరు తొట్లూ చేసేవాడే తప్ప సెలైన్ స్టాండు మొహం ఎరగడు. కొత్తగా ఆసుపత్రి పెట్టుకుంటున్న డాక్టర్ వసుంధర వచ్చి అడిగితే తల గోక్కున్నాడు. ఆవిడ చీపురుకర్ర నిలబెట్టి, దాని కొసకి మంచినీళ్ళ సీసా తగిలించి చూపించింది. "ఓస్, ఇంతేనా!" అని పని మొదలుపెట్టాడు. చేతికి అలవాటైన పని ఊరికే ఉండనిస్తుందా? నా కొక్కేలను గేటు పైన పువ్వులాగా మెలితిప్పాడు. పైగా ఎవరి గేటుకో వేయగా మిగిలిన చిలకాకుపచ్చ రంగు నాకు పూశాడు.

"ఇదేంటయ్యా, ఆసుపత్రిలో అన్నీ తెల్లగా ఉంటాయి కదా!" అంది డాక్టరమ్మ.

"తెల్లరంగు ఎవురైనా ఏస్తారమ్మా. జబ్బుపడ్డోడి కళ్ళకి కాస్తంత పచ్చగా కనపడొద్దా?" అన్నాడు మేస్త్రి.

ఆవిడ పకపకా నవ్వి, నన్ను అలాగే తీసుకుపోయింది.

ఆసుపత్రిలో నా కొక్కేల పువ్వు జనానికి తెగ నచ్చింది. ఒక రెక్కకి సీసా ఉంటే, మిగతా రెక్కలకి టిఫిను సంచి, తడి తువ్వాలు, అరటిపళ్ళ అత్తం, చంటిపిల్లల చొక్కాలు. ఒకసారి ఎవరో పెద్దాయన తన పైపళ్ళ సెట్టును కూడా రుమాలులో మూటగట్టి తగిలించాడు. బజ్జీల బండి దగ్గర అది ఏం నూనె అని అడగని మనుషులు, నా దగ్గరికి వచ్చేసరికి మాత్రం "ఇది మంచి కంపెనీదేనా?" అని నిలదీస్తారు. ఇక పసుపుపచ్చ సెలైన్ అంటే వాళ్ళకి ప్రాణం. నీళ్ళలా ఉండే మందు మీద వాళ్ళకి నమ్మకం తక్కువ. విటమిన్ మందు కలిపితే సీసా పసుపుపచ్చగా మారుతుందే, అదీ అసలు మందంటే! "మా పక్క మంచమాయనకి పచ్చది పెట్టారు, మాకు పెట్టలేదు" అని అలిగి ఇంటికి వెళ్ళిపోయిన అల్లుళ్ళను కూడా చూశాను.

అలాంటి చోటికి వేటపాలెం నుంచి ఎస్తేరు వచ్చింది. నర్సింగు చదువు అప్పుడే పూర్తయింది. చామనఛాయ, గుండ్రటి మొహం, పెదవుల మీద ఎప్పుడూ ఏదో పాట కూనిరాగం. ఆ పిల్లకి నడక రాదు, పరుగే. నన్ను తోసుకుపోతుంటే నా చక్రాలు గచ్చు మీద టకటకలాడేవి. డాక్టరమ్మ గదిలోంచే కేకేసేది. "ఎస్తేరూ, అది సెలైన్ స్టాండు. రథం కాదు!"

వచ్చిన కొత్తలోనే ఒక మధ్యాహ్నం, ఆసుపత్రి కాస్త తెరిపిగా ఉన్నప్పుడు, డాక్టరమ్మ ఎస్తేరును ఖాళీ గదిలోకి పిలిచింది. నేను ఆ గది మూలే ఉన్నాను. గడువు దాటి పారేయాల్సిన మందులు రెండు బల్ల మీద ఉన్నాయి. రెండూ మంచినీళ్ళలా తేటగా ఉన్నాయి.

"ఈ రెండూ కలిపితే ఏమవుతుంది?" అంది డాక్టరమ్మ.

"ఏమయిద్దమ్మా, నీళ్ళలో నీళ్ళు కలిసినట్టే."

డాక్టరమ్మ ఒకదాన్ని సిరంజిలోకి తీసి, దాని మీదికి రెండోదాన్ని లాగింది. సిరంజి లోపల ఒక్కసారిగా పాలు పోసినట్టు తెల్లగా అయిపోయింది.

"అమ్మ బాబోయ్!" ఎస్తేరు రెండు చేతులూ బుగ్గల మీద పెట్టుకుంది. తిరునాళ్ళలో గారడీ చూసినదానిలా ఎగిరి గంతేసింది. "ఇంకోసారి చెయ్యరా అమ్మా!"

డాక్టరమ్మ పారేయాల్సిన వాటిలోంచే మరో జత తెచ్చి కలిపింది. ఈసారి మబ్బు చాలా పలచగా పట్టింది. తెల్లగోడ ముందు పట్టుకుంటే ఎస్తేరుకు ఏమీ కనపడలేదు. డాక్టరమ్మ తన నల్లగొడుగు తెచ్చి దాని ముందు పట్టింది. అప్పుడు తెలిసింది, సన్నటి పొగలాగా.

"చూశావా? తెల్లటి మబ్బు నల్లటిదాని ముందే కనపడుతుంది. నల్ల నలుసు ఉంటే తెల్లటిదాని ముందు పట్టి చూడాలి. మబ్బు పట్టినా, నలుసులు తేలినా, అడుగున పేరుకున్నా, రాకూడని రంగు వచ్చినా, బుడగలు లేచినా ఆ రెండు మందులకీ పడలేదని అర్థం. విటమిన్ పసుపు వేరే, అది రావలసిన రంగే. ఇంకోటి విను. కొన్నిటికి పడకపోయినా బయటికి ఏమీ కనపడదు. తేటగానే ఉంటాయి, మందు పని మాత్రం చెడుతుంది. అందుకని కంటిని ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. కలపొచ్చని తెలిస్తేనే కలపాలి. తెలియకపోతే అడగాలి. ఒకటి ఇచ్చాక పైపును ఉత్త సెలైన్‌తో కడిగి, అప్పుడు రెండోది ఇవ్వాలి."

ఎస్తేరు సిరంజిని అటూ ఇటూ తిప్పి చూసింది. "మా అమ్మా, మా మేనత్తా ఇట్టాగేనమ్మా. ఎవరింట్లో వాళ్ళుంటే ఇద్దరూ బంగారం. ఒక వంటింట్లో నిలబడ్డారా, ఇదిగో ఇట్టా విరిగిపోయిద్ది."

ఇద్దరూ కళ్ళ నీళ్ళు వచ్చేలా నవ్వుకున్నారు. ఆ రోజు నుంచి ఎస్తేరుకు ఒక అలవాటు పడింది. ఎంత పరుగులో ఉన్నా, మందు ఎక్కిస్తూ పైపు వంక కాసేపు కదలకుండా చూసేది. అంత పరుగుల మనిషీ ఆ కాసేపు మాత్రం నాలాగే నిలబడిపోయేది. నాకు ముచ్చటేసేది.

శ్రీరామనవమికి ముందురోజు పొద్దున్నే ఒక ఆటో నిండా మనుషులు దిగారు. ముందు హుసేన్‌బీ అనే ఆవిడ కొంగుతో కళ్ళు ఒత్తుకుంటూ వచ్చింది. ఆమె భుజం మీద వాలి ఆమె భర్త, ఒక పొడుగాటి మనిషి. ఆయన చంకలో, జ్వరంతో ఊగుతూ కూడా వదలని సన్నాయి. ఆయనే సన్నాయి నాగులమీరా మాస్టారు. ఆ చుట్టుపక్కల ఆయన ఊదకుండా పెళ్ళి జరిగితే, పెళ్ళికొడుకు మేనమామలు నొచ్చుకుంటారని చెప్పుకునేవారు. ఎర్రటి ఎండలో ఊరేగింపుల వెంట ఊది ఊది, ఛాతీలో నెమ్ము చేరి, నీరసంతో పడిపోయాడట. వెనక ఆయన డోలు అంకమ్మారావు, రెండో సన్నాయి ఊదేవాడు, తాళం వాయించేవాడు, శ్రుతిపెట్టె పట్టుకున్నవాడు.

డాక్టరమ్మ పరీక్ష చేసింది. ఛాతీలో ఇన్ఫెక్షను, ఒంట్లో నీళ్ళు తగ్గాయి. సెలైన్ పెట్టి, ఒక యాంటీబయాటిక్ నరానికి ఇమ్మని చెప్పింది. నన్ను ఆయన మంచం పక్కకి తోశారు. సీసా తగిలించీ తగిలించకముందే మాస్టారు బేరం మొదలుపెట్టాడు.

"సిస్టరమ్మా, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కిస్తా కూచుంటే ఎప్పటికయ్యేనమ్మా? అన్నీ ఒకే సీసాలో పోసెయ్. ఆ పసుపుపచ్చది కూడా. రేపు రాములోరి కళ్యాణం, నేను బోవాల."

"కళ్యాణంలో పులుసూ పాయసం ఒకే గరిటెతో వడ్డిస్తారా మాస్టారూ?" అంది ఎస్తేరు.

మంచం అవతల నుంచి అంకమ్మారావు అందుకున్నాడు. "ఎట్టా వడ్డించినా కడుపులోకి బొయ్యాక అంతా ఒకటేగా అమ్మాయ్!"

"కడుపు సంగతి వేరు బాబాయ్. నోటికి నాలికుంది, బాగోకపోతే ఉమ్మేసిద్ది. నరానికి ఏముంది? పోసింది పోసినట్టు మోసుకుపోయిద్ది."

అంకమ్మారావు నోరు మూసుకున్నాడు గానీ, చేతులు మూసుకోలేదు. డోలు వాయించేవాళ్ళ వేళ్ళు ఊరికే ఉండవు. వరండాలో బల్ల మీద కూర్చుని, తాళంవాడితో కలిసి రేపటి గట్టిమేళం మెల్లగా సాధన మొదలుపెట్టాడు. మొదట మెల్లగానే. ఆ తర్వాత బల్లే డోలయింది.

ఇంతలో కాన్పుగదిలోంచి పిలుపు. ఎస్తేరు అటు పరిగెత్తింది. ఆమె అటుండగా మాస్టారి సీసా ఖాళీ అయింది. అటుగా వచ్చిన డాక్టరమ్మ ఆయన నాలుక చూసి, మరో రకం సెలైన్ అయితే మేలనుకుని, తనే ఒక సీసా తెచ్చి నాకు తగిలించింది. అది కూడా నీళ్ళలా తేటగానే ఉంది. కాకపోతే అందులో కాల్షియం ఉంది. ఈయనకి రాసిన యాంటీబయాటిక్‌కీ, కాల్షియానికీ అస్సలు పడదు. ఆ సంగతి డాక్టరమ్మకి తెలుసు. అందుకే కాన్పుగది వైపు మొహం పెట్టి గట్టిగానే చెప్పింది. "ఎస్తేరూ, సీసా మార్చాను. ఇందులో కాల్షియం ఉంది. యాంటీబయాటిక్ ఇచ్చే ముందు ఇది ఆపి, పైపు కడుగు!"

సరిగ్గా అప్పుడే వరండాలో గట్టిమేళం తారాస్థాయికి చేరింది. ఆ మాటలు బల్ల దరువులో కలిసిపోయాయి. లోపల్నుంచి "ఆఁ అమ్మా!" అని వినపడింది. అది కాన్పుగదిలో ఎవరికో ఇచ్చిన జవాబు. డాక్టరమ్మ తనకే అనుకుని వెళ్ళిపోయింది.

నాకు అంతా తెలుసు. ఏం లాభం? నేను నోరులేని ఇనపగొట్టాన్ని.

ఎస్తేరు తిరిగొచ్చింది. మొహమంతా వెలిగిపోతోంది. "ఆడపిల్ల! గుండ్రంగా ఉంది, లడ్డూలాగా!" అని హుసేన్‌బీతో చెప్పింది. యాంటీబయాటిక్ కలిపి సిరంజిలో సిద్ధం చేసుకుంది. తలెత్తి చూసింది. నిండు సీసా, తేటగా. తను పక్కన పెట్టుకున్న ఉత్త సెలైన్ సీసానే ఎవరో తగిలించారనుకుంది. నా కొక్కేలు వణికితే చూస్తుందేమో అనిపించింది, కానీ ఇనుము తనంతట తను వణకదు కదా. ఆమె పైపుకున్న రబ్బరు దగ్గర సూది గుచ్చి, పిస్టన్ మీద బొటనవేలు ఆనించి, చాలా మెల్లగా నొక్కింది.

మాస్టారు సన్నాయిని ఛాతీ మీద పడుకోబెట్టుకుని ఉన్నాడు. నల్లగా నిగనిగలాడే కొయ్య. నా నుంచి దిగిన పైపు ఆ కొయ్య మీదుగా ఒంపు తిరిగి ఆయన చేతికి వెళుతోంది. ఎస్తేరు ఎప్పటిలాగే పైపు వంక చూస్తూ నిలబడింది.

సన్నాయి నలుపు మీద, పైపు లోపల, పాలలో ముంచి తీసిన నూలుపోగులాంటి తెల్లటి చార ఒకటి కదిలింది.

ఆమె బొటనవేలు ఆగిపోయింది. కూనిరాగం ఆగిపోయింది. మరుక్షణం ఎడమచేత్తో ఆ చారకి దిగువన పైపును మడిచి పిడికిట్లో బిగించింది. కుడిచేత్తో సీసా కింది రోలరు తిప్పి చుక్క ఆపేసింది. ఆయన చేతి సూదికీ పైపుకీ ఉన్న లంకె ఊడదీసింది. అప్పటికి గానీ ఊపిరి తీసుకోలేదు.

"అమ్మా! డాక్టరమ్మా! ఒక్కసారి రండి!"

ఆ పిలుపుకి వరండాలో బల్ల కూడా నోరుమూసుకుంది.

"ఏమైందమ్మా?" హుసేన్‌బీ లేచి నిలబడింది.

"ఏం కాలేదు పిన్నీ. కాకుండా చూస్తున్నా."

అంకమ్మారావు తొంగిచూశాడు. "తెల్లగుండాదే! బలం మందేమో అమ్మాయ్, ఎందుకు తీసేశావ్? ఖరీదైందేమో!"

"బలం కాదు బాబాయ్. మందు విరిగింది."

డాక్టరమ్మ వచ్చింది. పైపు చూసింది, సీసా చూసింది, ఎస్తేరు పిడికిలి చూసింది. ఆ పిడికిలి ఇంకా వదల్లేదు.

"సీసా మార్చింది నేనే. చెప్పాను కూడా. నువ్వు ఆఁ అన్నావు."

"నాకు వినపడలేదమ్మా. వినపడకపోయినా సీసా మీద పేరు చదివి ఉండాల్సింది."

"నేనూ నీ ఎదటికి వచ్చి చెప్పి ఉండాల్సింది."

ఇద్దరూ ఒకేసారి తలతిప్పి వరండా వైపు చూశారు. అంకమ్మారావు రెండు చేతులూ చంకల్లో దాచుకున్నాడు.

మాస్టారు మాత్రం పైపు వంకే చూస్తున్నాడు. మొహం పాలిపోయింది. "అమ్మా, అది నా లోపలికి బోయిందా?" అని మెల్లగా అడిగాడు. "ఏదైనా చెప్పండి, ఊపిరి సంగతి మాత్రం దాచొద్దు. నా బతుకంతా దాంట్లోనే ఉంది."

డాక్టరమ్మ మంచం అంచున కూర్చుంది. దాచలేదు. "ఆ తెల్లటి పొడి నరంలోకి పోతే, నెత్తురుతో పాటు వెళ్ళి ఊపిరితిత్తుల్లో సన్నటి దారుల్ని మూసేయొచ్చు మాస్టారూ. అందుకే ఇంత హడావుడి. కానీ మబ్బు ఇక్కడుంది, ఈ అమ్మాయి ఇక్కడ పట్టుకుంది. మీ చెయ్యి ఇంకా అంత దూరాన ఉంది. నేను మళ్ళీ పరీక్ష చేస్తాను, చూద్దాం."

చెవికి గొట్టాలు పెట్టుకుని ఆయన ఛాతీ, వీపు చాలాసేపు విన్నది. వేలికి ఆక్సిజన్ క్లిప్పు పెట్టి చూసింది. అన్నీ ఉండాల్సినట్టే ఉన్నాయి. పాత సూది తీయించి, రెండో చేతికి కొత్తది పెట్టించింది. కొత్త పైపు, ఉత్త సెలైన్. ఎస్తేరు ఈసారి సీసా మీద పేరు పైకి చదివింది, డాక్టరమ్మ "ఊఁ" అంది. అప్పుడు యాంటీబయాటిక్ వెళ్ళింది. సన్నాయి నలుపు మీదుగా పైపు తళతళలాడింది, మంచినీళ్ళలాగా.

పనంతా అయ్యి, సీసా దించాక ఎస్తేరు నన్ను తలుపు వెనక్కి తోసుకొచ్చింది. అక్కడే నన్ను పట్టుకుని నిలబడింది. నా చిలకాకుపచ్చ నడుము చుట్టూ ఆమె వేళ్ళు బిగుసుకున్నాయి. ఎన్ని సీసాలు మోశానో నాకు గుర్తులేదు. ఆ కాసేపు మోసిన బరువు మాత్రం బాగా గుర్తు. సాయంత్రం దాకా ఆమె ఆ మంచం వదలకుండా తిరిగింది. మాస్టారు ఊపిరి తీస్తే ఆమె కూడా తీసింది.

తెల్లారేసరికి జ్వరం దిగింది. మాస్టారు లేచి కూర్చుని, సన్నాయి కొసన ఊదే పీకను నోట్లో పెట్టుకుని నానబెట్టడం మొదలుపెట్టాడు. డాక్టరమ్మ గుమ్మంలోనే ఆపేసింది. "గుడికి వెళ్ళడానికి వీల్లేదు. రెండో సన్నాయి ఊదుతాడుగా."

ఆయన సన్నాయిని తువ్వాలులో చుట్టి పక్కన పెట్టాడు. హుసేన్‌బీ ఆయన మొహం చూడలేక కిటికీ వైపు తిరిగింది. ఆ కిటికీలోంచే ఆమెకు పందిరి కనపడింది. రామాలయం మా వీధి చివరే. ఎండ కదా అని తాటాకు పందిరి మా గేటు దాకా వేశారు. వరండాలో కూర్చుంటే కళ్యాణవేదిక తిన్నగా కనిపిస్తుంది.

"అమ్మా," అంది హుసేన్‌బీ, "గుడికి వద్దన్నారు. మీ వరండాకి వద్దన్లేదుగా?"

డాక్టరమ్మ ఎస్తేరు వంక చూసింది. ఎస్తేరు ఆకాశం వంక చూసింది, నవ్వు ఆపుకోవడానికి.

"గట్టిమేళం ఒక్కటే," అంది డాక్టరమ్మ చివరికి. "కుర్చీలో కూర్చునే. దాని మీద ఒక్క రవ్వ ఎక్కువ ఊదినా పడుకోబెట్టి మళ్ళీ సెలైన్ ఎక్కిస్తా."

అలా నేను జీవితంలో మొదటిసారి పెళ్ళికి వెళ్ళాను. చేతిలో సూది అలాగే ఉంచి, పైపు మాత్రం తీసేశారు. బెదిరింపుగా ఉంటుందని డాక్టరమ్మ నన్ను ఆయన కుర్చీ పక్కనే నిలబెట్టించింది, నిండు సీసాతో సహా. ముసురుకున్న ఆడవాళ్ళు నా కొక్కేలకి చేతిసంచులు తగిలించారు. ఎవరో ఒక మల్లెదండ కూడా వేశారు. పూజారి మంగళసూత్రాలు పైకెత్తి జనానికి చూపించి, ఇటు మా వరండా వైపు చూశాడు. అంకమ్మారావు డోలు మీద చెయ్యి వేశాడు. నాగులమీరా మాస్టారు కళ్ళు మూసుకుని, బుగ్గలు పూరించాడు.

ఆ మేళం ఎలా ఉందో ఇనుముని అడిగితే ఏం చెప్తుంది? నా గొట్టం బోలు. ఆ నాదం అందులో దూరి, కింద చక్రాల దాకా జిల్లుమంది. రోగులు సీసాలు చేత్తో పట్టుకుని గుమ్మాల్లోకి వచ్చారు. కాన్పుగదిలో లడ్డూ కేరుమంది. జనం అక్షింతలు వేదిక మీదికి విసిరితే, కొన్ని మా దాకా వచ్చి మాస్టారి ఒళ్ళో పడ్డాయి. ఎస్తేరు చూపు వేదిక మీద లేదు. ఆయన ఛాతీ మీద ఉంది. అది నిండుగా లేస్తోంది, నిండుగా దిగుతోంది. లేచినప్పుడల్లా ఆమె మొహం విచ్చుకుంటోంది.

మేళం ఆగాక ఆయన కళ్ళు తెరిచి డాక్టరమ్మ వంక చూశాడు. "ఎక్కువ ఊదలేదమ్మా."

"కొంచెం ఎక్కువే ఊదారు," అంది ఆవిడ కళ్ళద్దాలు తుడుచుకుంటూ. "పోనీలెండి."

తర్వాత చాలాకాలానికి నా చక్రాలు అరిగిపోయాయి. ఆసుపత్రికి నిగనిగలాడే స్టీలు స్టాండ్లు వచ్చాయి. పాత ఇనుములో పడేయబోతుంటే అంకమ్మారావు చూసి, "ఇది మా మేళం మనిషమ్మా, మాకియ్యండి" అని డాక్టరమ్మను అడిగి ఎత్తుకుపోయాడు. ఇప్పుడు నా కొక్కేనికి సీసా బదులు మైకు కడతారు. ఊరూరా పెళ్ళిళ్ళు, గృహప్రవేశాలు. జనం సంచులు తగిలించడం మాత్రం మానలేదు.

ఎక్కడికి వెళ్ళినా మేళానికి ముందు మాస్టారు నన్ను చూపించి ఆనాటి కథ చెప్తాడు. ఏటేటా అది పెరుగుతోంది. పైపులో మబ్బు మొదట్లో నూలుపోగంత ఉండేది, తర్వాత తాడంత అయింది, ఈ మధ్య ఏకంగా గడ్డపెరుగైంది. నేను ఖండించలేను. వినడానికి బాగానే ఉంటుంది కాబట్టి ఖండించాలని కూడా లేదు.

మొన్న చీరాలలో ఒక పెళ్ళికి ఎస్తేరు వచ్చింది. ఇప్పుడు పెద్ద నర్సు, చేతి కింద నలుగురు నర్సు పిల్లలున్నారట. గడ్డపెరుగు దాకా ఓపిగ్గా విని, ఇక ఉండలేక లేచింది.

"అంత లేదు మాస్టారూ! సన్నటి మబ్బు. చూసీ చూడనట్టుంటే కనపడేది కూడా కాదు."

"అదేగదమ్మా నేను చెప్పేది," అన్నాడు నాగులమీరా మాస్టారు. "గడ్డపెరుగైతే నేను కూడా చూసేవోణ్ణే."

పందిరంతా నవ్వింది. ఎస్తేరు చేతిసంచీ నా కొక్కేనికి తగిలించి ముందు వరసలో కూర్చుంది. మాస్టారు పీక పెదవుల మధ్య పెట్టుకుని, ఛాతీ నిండా గాలి తీసుకున్నాడు.